గడి లేని పల్లె

చేర్యాల బొమ్మ ఒకటి మీ ఇంట్లో ఉండే ఉంటుంది. లేకపోతే మీ ఆఫీసు రిసెప్షన్‌లో, లేదా మీరు కాఫీకి వెళ్లే చోట గోడ మీద. ఎర్రటి నేపథ్యం, దాని మీద పసుపు, నీలం, తెలుపు. తాటిచెట్టెక్కుతున్న గౌడాయన, మగ్గం ముందు సాలాయన, సారె తిప్పుతున్న కుమ్మరాయన, చెప్పులు కుడుతున్న మాదిగాయన, బట్టల మూట మోస్తున్న చాకలామె, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతున్న ఆడవాళ్లు, ఓ ఎడ్లబండి. ముచ్చటగా ఉంటుంది. నాక్కూడా ఇష్టమే. ఇప్పుడోసారి దగ్గరికెళ్లి చూడండి. ఇందులో గడి ఎక్కడుంది?

లేదు. దొర లేడు. పట్వారీ లేడు. చేతులు కట్టుకుని గడి వాకిట్లో నిలబడ్డ జీతగాడు లేడు. మేళాల్లో, షోరూముల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో నేను ఇన్నేళ్లుగా చూసిన 'తెలంగాణ పల్లె' బొమ్మల్లో ఒక్కదాంట్లో కూడా వీళ్లు కనపడలేదు. కానీ ఆ బొమ్మలో ఉన్నవాళ్లను ఇంకోసారి చూడండి. నిజాం కాలపు నల్గొండలో గౌడాయన గడికి కల్లు ఊరికే పోయాలి. కుమ్మరాయన కుండలు ఊరికే ఇవ్వాలి. సాలాయన బట్ట ఇవ్వాలి. మాదిగాయన చెప్పులు కుట్టాలి, మోట తోలు సిద్ధం చేయాలి. చాకలామె గడి బట్టలుతకాలి, నీళ్లు మోయాలి. ఎడ్లబండి ఉన్న రైతు దొర చెప్పినప్పుడు బండి కట్టాలి. అంటే ఈ అందమైన బొమ్మలో ఉన్న వృత్తులన్నీ వరసగా రాస్తే వచ్చేది వెట్టి జాబితా. వెట్టి చేసినవాళ్లందరినీ గీసి, చేయించుకున్నవాడిని మాత్రం తీసేశాం. దానికి 'పల్లె జీవనం' అని పేరు పెట్టి ఫ్రేము కట్టించుకున్నాం.

నా గొడవ ఇదే. ఒక చిత్రకళ తన చరిత్రను మర్చిపోవడం కాదు, దాని చేత మనం మరిపించడం.

అసలు నకాషీ పటం ఏమిటో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని మనం 'డెకరేటివ్ ఆర్ట్' అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలైంది. ఖద్దరు బట్ట మీద గంజి, సుద్దమట్టి, తుమ్మజిగురు, చింతగింజల పిండి కలిపి పూతలు పూస్తారు. అది ఆరాక దాని మీద గీస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు. గళ్లు గళ్లుగా కథ కిందికి దిగుతూ వస్తుంది. రాత్రిపూట ఊరి మధ్యలో గుంజకు వేలాడదీసి, ఒక్కో గడి విప్పుతూ (ఇది గీతల గడి, దొర గడి కాదు, మాట ఒకటే కావడం నన్నెప్పుడూ గిల్లుతూనే ఉంటుంది), కర్రతో బొమ్మను చూపిస్తూ పాడతారు. గీసేది నకాషీలు. చెప్పేది వేరేవాళ్లు. వినేది, డబ్బూ ధాన్యమూ ఇచ్చేది ఇంకొకళ్లు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తారు. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ. చాకలివాళ్లకు మాడేలు పురాణం ఉంది, గౌళ్లకు గౌడ పురాణం ఉంది. మందెచ్చులవాళ్లు గొల్లలకు కాటమరాజు కథ చెప్తారు, వాళ్లకు పటం బదులు చెక్కబొమ్మలు. అవీ నకాషీలు చేసినవే.

వీటిని కులపురాణాలు అంటాం. పురాణం అనగానే మన చదువుకున్న బుర్ర దాన్ని భక్తి గదిలోకి తోసేస్తుంది. కానీ వినండి: భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడు అని డక్కలాయన ఊరవతల, మాదిగవాడలో, వందలమంది ముందు బొమ్మ చూపించి పాడుతున్నాడు. ఊళ్లో అందరికంటే కింద ఉంచిన కులం తానే అందరికంటే మొదటివాణ్ణి అంటోంది. ఇది భక్తి కాదు, హక్కు పత్రం. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి పనిని ఎవరు దొంగిలించారు, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు అన్న లెక్క. తాళపత్రాలు, శాసనాలు, దఫ్తర్లు అందనివాళ్లు బట్ట మీద రాయించుకున్న చరిత్ర. (పాడే డక్కలాయన్ను మాదిగలు కూడా ముట్టుకోనివ్వరు, ఎడంగానే ఉంచుతారు అన్నది అదే చరిత్రలో ఇంకో గడి. దాన్ని గీసిన పటం లేదు.)

ఇక ఊళ్ల సంగతికొస్తాను. జిల్లాలు ఇప్పుడు ముక్కలయ్యాయి కాబట్టి కొత్తవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. రైతాంగ సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఇలాకా అదే. తన భూమి కోసం కోర్టుకెక్కి దేశ్‌ముఖ్ మీద గెలిచిన షేక్ బందగీని 1941లో నరికి చంపిన కామారెడ్డిగూడెం అక్కడిదే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిన కడవెండి అక్కడిదే. చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమిని, కోసిన పంటను వదలనని నిలబడ్డ పాలకుర్తి అక్కడిదే. నకాషీలు పటాలు గీసిన చేర్యాల ఈ ఊళ్లకు ఎంతో దూరం కాదు. ఒక బండి ప్రయాణం.

ఇంకా దగ్గర భైరాన్‌పల్లి. ఊరి బుర్జు మీద కాపలా పెట్టుకుని, వడిసెలలతో, నాటు తుపాకులతో రజాకార్లను వెనక్కి తరిమిన ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లూ నిజాం సైన్యమూ ఫిరంగులతో వచ్చి దాదాపు వందమందిని చంపేశారు. అక్కడి ఆడవాళ్లను శవాల చుట్టూ తిప్పి బతుకమ్మ ఆడించారని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్తారు. నేను ఈ మాట విన్నప్పటి నుంచి టీ కప్పుల కింద పెట్టుకునే పళ్లేల మీద చేర్యాల బతుకమ్మను చూస్తే ఏదోలా ఉంటుంది. బతుకమ్మ గీయొద్దని కాదు. ఆ బతుకమ్మను గీసిన చేతికి కూతవేటు దూరంలో ఆడించిన ఈ బతుకమ్మ ఎందుకు బొమ్మ కాలేదు?

ఎవరైనా ఒకటీ అరా వేయించి ఉండొచ్చు. ప్రభుత్వ ఉత్సవాలకో, ఏ ప్రదర్శనకో. కానీ ఊరూరా తిరిగి, రాత్రంతా జనం ముందు విప్పుకుని, చిరిగిపోతే మళ్లీ గీయించుకునే పటంగా మాత్రం నల్గొండ పోరాటం మారలేదు. పాటగా మారింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని, వీధి భాగోతాన్ని సంఘం పాటగా మార్చాడు. బుర్రకథ తుపాకీ కంటే ముందు ఊళ్లోకి వెళ్లింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించేంతగా ఆడించారు. బందగీ ఆ నాటకంలోకి వచ్చాడు, తర్వాత సినిమాకూ అదే పేరు. పాట, నాటకం, సినిమా అన్నీ వచ్చాయి. పక్కనే ఉన్న పటం మాత్రం రాలేదు.

ఎందుకు? ఒక కారణం తేలికైనదే. పాట బరువుండదు. దళంలో తిరిగేవాడు నలభై అడుగుల బట్టను భుజానేసుకుని పోలీసు క్యాంపులు దాటలేడు. పాటను ఎవరూ జప్తు చేయలేరు. రెండో కారణం నా అనుమానం, కోపం తెప్పిస్తే తెప్పించనీ. పార్టీకి బుర్రకథ నచ్చింది, ఎందుకంటే అది అందరిదీ. పటం నచ్చలేదు, ఎందుకంటే అది కులానిది. వర్గం గురించి మాట్లాడాల్సిన చోట కులపురాణమా అని ముక్కు చిట్లించి ఉంటారు. ఐలమ్మ పార్టీ పుస్తకాల్లో రైతు మహిళ అయింది, వీరవనిత అయింది. ఆమె పేరుకు ముందున్న 'చాకలి' చాలాకాలం ఒక ఇంటిపేరులాగే ఉండిపోయింది. ఆమె కులానికి సొంత పటం ఉందని, అందులో వీరభద్రుడి అంశతో పుట్టిన మాడేలయ్య దగ్గర్నుంచి కథ నడుస్తుందని, ఆ కథ చివర ఐలమ్మ గడి ఒకటి అతికిస్తే అది రాత్రికి రాత్రి చాకలివాడలన్నిటికీ చేరుతుందని ఎవరికీ తట్టలేదు. పాలకుర్తి సోమనాథుడి ఊరు కూడానని గుర్తు చేస్తున్నాను. బసవపురాణంలో మడివాలు మాచయ్య అనే చాకలి శివభక్తుడి కథ రాసిన ఊరు అది. చాకలి కథను గ్రంథంలోకి తెచ్చిన ఊళ్లోనే, ఏడు వందల ఏళ్ల తర్వాత చాకలామె కథను బట్ట మీదికి తేలేకపోయాం.

ఇక్కడ హైతీ సంగతి చెప్పాలి. మనకు ఏ సంబంధమూ లేని చిన్న కరిబియన్ దీవి దేశం. బానిసలు తిరగబడి ఫ్రెంచివాళ్లను తరిమి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశం. తర్వాత 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం దాన్ని ఆక్రమించుకుని కూర్చుంది. ఆ ఆక్రమణ మీద గెరిల్లా యుద్ధం చేసిన షార్లెమాన్ పెరాల్ట్‌ను 1919లో అమెరికన్ మెరీన్లు మారువేషంలో వచ్చి కాల్చి చంపారు. శవాన్ని ఒక తలుపుకు కట్టి నిలబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటోను కాపీలు కొట్టించి పంచారు, మీ నాయకుడు చచ్చాడు, ఇళ్లకు పొండి అని. అయితే ఆ ఫోటోలో, నడుముకు గుడ్డ, వెనక జెండా... జనానికి శిలువ మీది క్రీస్తు కనిపించాడు. భయపెట్టడానికి వేసిన కాగితం పూజాపటం అయిపోయింది. కాప్ హైతియన్ ఊరివాడు ఫిలోమే ఓబాన్ అప్పటికి పాతికేళ్లు దాటిన కుర్రాడు. ఏ చిత్రకళా కాలేజీలోనూ చదువుకోలేదు. తర్వాత పెద్దవాడయ్యాక ఆ ఫోటోను రంగుల్లో మళ్లీ మళ్లీ గీశాడు, స్వేచ్ఛ కోసం శిలువెక్కిన పెరాల్ట్ అని. ఈరోజు హైతీలో ఆ రూపం తెలియనివాళ్లు తక్కువ.

హైతీని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అక్కడి జానపద చిత్రకళను కూడా టూరిస్టులు మింగేశారు. 1944లో పోర్టో ప్రిన్స్‌లో సెంటర్ ద ఆర్ట్ పెట్టింది డెవిట్ పీటర్స్ అనే అమెరికనే. 'నైవ్' అనే బిరుదు గ్యాలరీలు తగిలించిందే. అరటిచెట్లు, సంతలు, గంపలెత్తుకున్న ఆడవాళ్లు అని మన చేర్యాల పల్లెకు తోబుట్టువుల్లాంటి బొమ్మలు వాళ్లకీ వేలకొద్దీ ఉన్నాయి, విమానాశ్రయాల్లో దొరుకుతాయి. తేడా ఏమిటంటే, ఆ సంత బొమ్మ పక్కనే వాళ్లకు తిరుగుబాటు బొమ్మ కూడా ఉంది. ఫ్రెంచి జెండాలోంచి తెలుపును చింపేస్తున్న దెసాలిన్ ఉన్నాడు. తూసాన్ ఉన్నాడు. 1791లో బోయా కైమాన్ అడవిలో రాత్రి ఒట్టు పెట్టుకున్న బానిసలు ఉన్నారు. అదే చేయి రెండూ గీసింది. మన దగ్గర చేయి ఉంది, చరిత్ర ఉంది, రెండింటికీ పరిచయం చేసినవాడు లేడు.

పోర్టో ప్రిన్స్‌లో హోలీ ట్రినిటీ అనే ఎపిస్కోపల్ చర్చి ఉండేది. 1950ల మొదట్లో అక్కడి గోడల మీద ఓబాన్, కాస్తెరా బజిల్, విల్సన్ బిగో లాంటి జానపద చిత్రకారులు బైబిలు కథలు గీశారు. బైబిలు కథలే, కానీ మనుషులు హైతీవాళ్లు. కానా ఊరి పెళ్లి అంటే వాళ్ల ఊరి పెళ్లి. దేవుడి గోడ మీద తమ ముఖాలు తాము చూసుకున్నారు. 2010 భూకంపంలో చర్చి కూలింది. 14 పెద్ద బొమ్మల్లో మూడే మిగిలాయి.

దేవుడి గోడ అనగానే మనకు యాదాద్రి గుర్తుకు రావాలి. 2019 సెప్టెంబరులో కొత్త గుడి స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బొమ్మ, ఆయన పార్టీ కారు గుర్తు, కేసీఆర్ కిట్టు, హరితహారం చెక్కారని బయటపడింది. గొడవైంది. గుడి కట్టిస్తున్నవాళ్లు ఏమన్నారో గుర్తుందా? శిల్పులు తమ కాలాన్ని చెక్కారు, పాత గుళ్లలో కూడా ఆనాటి జీవితం ఉంటుంది కదా అన్నారు. చివరికి చెరిపేయించారు.

నాకు ఆ గొడవలో ఎవరి పక్షమూ నచ్చలేదు. దేవుడి గుళ్లో మనుషుల బొమ్మలేమిటి అన్నవాళ్లకు కాకతీయుల గుళ్ల గురించి ఏమీ తెలియదు. పిల్లలమర్రి వెళ్లి చూసినా చాలు, సూర్యాపేట పక్కనే. ఇక సమకాలీన జీవితం అన్న వాదన నిజానికి చాలా మంచి వాదన. ఎంత మంచిదంటే, చెప్పినవాళ్లే దాన్ని నమ్మలేదు. సమకాలీన జీవితమే చెక్కదలిస్తే యాదగిరిగుట్టకు పక్కనే భువనగిరి ఉంది. 1944లో ఆంధ్రమహాసభ అక్కడ జరిగింది, ఆ సభతోనే మితవాదులు పక్కకు పోయి సంఘం రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి లాంటి వాళ్ల చేతుల్లోకి వచ్చింది. పల్లెల్లో 'చీటీల సంఘం' అని జనం పిలుచుకున్న సంఘం. ఆ సభ్యత్వ చీటీ ఒక్కటి చెక్కొచ్చు స్తంభం మీద. ఆ స్తంభాన్ని కొండలోంచి తీసిన వడ్డెరాయన్ను చెక్కొచ్చు. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంగిపోయిన మనిషిని చెక్కొచ్చు. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది, ఆ పేరున్న జిల్లాలో ఆ కాళ్లకు మాత్రం బొమ్మలో చోటు దొరకలేదు. సమకాలీన జీవితం అంటే పథకం, పథకం అంటే దాని మీద ఫోటో ఎవరిదైతే వాళ్లు. అందుకే అది ఉలితో చెరిపితే పోయింది. జనం కూడా ఏడవలేదు.

ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు. రాష్ట్రం వచ్చినప్పటి నుంచి మన ప్రభుత్వాలు బొమ్మల మీద పెట్టినంత శ్రద్ధ ఇంకెక్కడా పెట్టలేదేమో. తెలంగాణ తల్లికి కిరీటం ఉండాలా వద్దా, చేతిలో బతుకమ్మ ఉండాలా వద్దా అని కొట్టుకున్నాం. 2024 డిసెంబరు 9న సచివాలయంలో కిరీటం లేని తల్లిని పెట్టారు. రాజముద్రలో కాకతీయ తోరణం ఉండాలా, చార్మినార్ ఉండాలా అని ఇంకో తగువు. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున అమరవీరుల స్మారకం కట్టారు: తళతళలాడే స్టీలు దీపం. దీపం బానే ఉంది. దానికి ముఖం లేదు. నల్గొండ పల్లెల్లో రోడ్డు మలుపుల దగ్గర ఎర్రరంగు స్తూపాలు చూసే ఉంటారు, సున్నం రాలిపోతూ ఉంటాయి, కానీ వాటి మీద పేర్లుంటాయి. ఆ పేర్లున్నవాళ్ల మనవళ్లు అదే ఊళ్లో ఉంటారు.

సెప్టెంబరు 17 సంగతి ఇంకా విచిత్రం. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం చేస్తే, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం చేసింది. ప్రభుత్వం మారాక 2024లో అదే తేదీ ప్రజాపాలన దినం అయింది. ఒక తేదీకి ఇన్ని పేర్లు పెట్టుకుని, ఒక్క బొమ్మ మాత్రం వేసుకోలేకపోయాం. ఎందుకంటే మనకు తెలిసిన బొమ్మ పోస్టరే. పోస్టరులో ఒకే గడి ఉంటుంది. ఒక హీరో, ఒక విలన్. రజాకార్‌ను గీసి కింద సర్దార్ పటేల్‌ను గీస్తే పోస్టరు అయిపోతుంది. 2024లో వచ్చిన 'రజాకార్' సినిమా కూడా రెండున్నర గంటల పోస్టరే.

పటం అట్లా పనిచేయదు, అదే దాని బలం. గడి తర్వాత గడి వస్తుంది. పై గడిలో గెలిచినవాడు కింది గడిలో ఏం చేశాడో అదే రాత్రి చూడాలి. 1948 సెప్టెంబరు గడిలో జనరల్ చౌదరి సైన్యం వస్తుంది, రజాకార్లు పారిపోతారు. దాని కింద గడిలో ఊరు విడిచి పారిపోయిన దేశ్‌ముఖ్ మళ్లీ ఊళ్లోకి వస్తాడు, ఈసారి ఖద్దరు టోపీ పెట్టుకుని. దాని కింద అదే ఊరి రైతు, అదే గుత్ప, ఎదురుగా వేరే యూనిఫాం. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆ గడులు సాగుతూనే ఉంటాయి. పోరాటంలో మొత్తం నాలుగు వేలమంది చనిపోయారని కమ్యూనిస్టుల లెక్క. ఇంకో పక్క గడిలో సైన్యం వచ్చిన కొన్ని రోజుల్లో మరాఠ్వాడాలో, తక్కిన జిల్లాల్లో చచ్చిపోయిన మామూలు ముసల్మానులు ఉంటారు. సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనా 27 వేల నుంచి 40 వేలు. ఆ నివేదిక 2013 దాకా జనం ముందుకు రాలేదు. ఇక బందగీ గడి వస్తే పోస్టరు మొత్తం చిరిగిపోతుంది: భూమి కోసం నిలబడ్డ ముసల్మాను రైతు, చంపించిన హిందూ దేశ్‌ముఖ్, ఆ దేశ్‌ముఖ్‌కు అండగా నిజాం. వీటిలో ఏ ఒక్క గడిని విడదీసి ఫ్రేము కట్టించినా అబద్ధమవుతుంది. ఒక్క బట్ట మీద వరసగా ఉంటేనే నిజం. ఇట్లాంటి చరిత్రను చెప్పడానికి కుదిరిన రూపం మన జిల్లాల్లోనే శతాబ్దాలుగా ఉంటే, దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ గాజు బిగించి అమ్ముకుంటున్నాం.

ఇదంతా నకాషీల మీద నేరం మోపడంగా ఎవరైనా చదివితే తప్పు నాది కాదు. ధనాలకోట వారిలాంటి కొద్ది ఇళ్లే ఈ పనిని ఇప్పటిదాకా నిలబెట్టాయి. పటం చెప్పేవాళ్లు తగ్గిపోయాక, నలభై అడుగుల బట్ట అడిగేవాళ్లు లేక, వాళ్లు అడుగున్నర ఫ్రేముకు, మాస్కులకు, కీచైన్లకు వచ్చారు. రాకపోతే ఈ కళ 1980ల్లోనే పోయేది. నకాషీ ఎప్పుడూ తనకు తోచింది గీయలేదు. వేయించుకున్నవాళ్ల కథ గీశాడు. కూనపులాయన వచ్చి మార్కండేయుడు కావాలంటే మార్కండేయుడు, డక్కలాయన వచ్చి జాంబవుడు కావాలంటే జాంబవుడు. ఇప్పుడు వేయించుకునేవాళ్లం మనం. మనం వెళ్లి ఏం అడుగుతున్నాం? సోఫా వెనక గోడకు సరిపోయే సైజులో, కర్టెన్ రంగుకు నప్పేలా, ఒక పల్లె. అడిగింది ఇచ్చారు.

ముఖ్యంగా మనం, అంటే ఇట్లాంటి వ్యాసాలు చదివేవాళ్లం. తెలంగాణ కథ, కవిత సంకలనాల అట్టల మీద చేర్యాల బొమ్మ ఎన్నిసార్లు వచ్చిందో మీరే లెక్కపెట్టుకోండి. లోపల వెట్టి మీద కథ, గడి మీద కథ, ఎన్‌కౌంటర్ మీద కవిత. అట్ట మీద మాత్రం బతుకమ్మ, తాటిచెట్టు. అంటే రాసినవాడికి కోపం ఉంది, బొమ్మకు కోపం ఉండకూడదు. బొమ్మ అందంగా ఉండాలి, మట్టివాసన రావాలి, మనం మట్టివాళ్లమని చెప్పాలి. అక్షరానికి చరిత్ర రాసే హక్కిచ్చి, జానపద బొమ్మకు మాత్రం అలంకరణ ఉద్యోగం ఇచ్చాం. చదువుకున్న చిత్రకారులు పోరాటం గీస్తే అది ఆర్ట్. నకాషీ గీస్తే మాత్రం 'సంప్రదాయం చెడిపోతుంది' అని జాలిపడతాం. ఆ సంప్రదాయం భూమికంటే ముందు మాదిగను పుట్టించిన సంప్రదాయమని మర్చిపోతాం.

ఇంకో అభ్యంతరం నాకు నిజంగానే బరువైనది. పటం కథ కులానికి పవిత్రం. పాతబడ్డ పటాన్ని పారేయరు, పూజ చేసి నీళ్లలో వదులుతారు. అట్లాంటి బట్ట మీదికి దొరనీ, సంఘాన్నీ, తుపాకుల్నీ తెస్తే ఆ పవిత్రత ఉంటుందా? డబ్బులిచ్చి మనం రుద్దిన చరిత్ర యాదాద్రి కారు గుర్తు కంటే మెరుగెట్లా అవుతుంది? నా దగ్గరున్న జవాబు ఒకటే. ఆ గడి ఉండాలో వద్దో తేల్చేది మనం కాదు, ప్రభుత్వం కూడా కాదు. చాకలివాడలో పటం చెప్పే ఆయన, ఆ రాత్రి కూర్చుని వినేవాళ్లు. నచ్చకపోతే ఆ గడి రాగానే బీడీ వెలిగించుకోవడానికి లేచిపోతారు. స్తంభం మీద చెక్కిన బొమ్మ దగ్గర అట్లా లేచిపోవడానికి వీలుండదు.

అందుకే పటమంతా కొత్తగా వేయించాలని నేననడం లేదు. మాడేలు పురాణానికి చివర ఆరేడు గడులు. ఐలమ్మ కౌలు పట్టిన భూమి. పటేల్, పట్వారీ. గడి, ఎత్తుగా, గోడలతో సహా. కోసిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోవడానికి రావడం. సంఘంవాళ్లు గుత్పలు పట్టుకుని కాపలా ఉండటం. వడ్లు ఐలమ్మ ఇంటికి చేరడం. తర్వాత ఆమె ఇల్లు కాలడం కూడా, ఎందుకంటే ఈ కథ గెలుపు దగ్గర ఆగదు.

చిక్కు ఒక్కటే ఉంది, అది రంగుది. నకాషీ పద్ధతిలో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు. దొరకు ఏం వేయాలి? ముదురు వేస్తే రాక్షసుడంటే నల్లటివాడే అన్న పాత అబద్ధం మళ్లీ గీసినట్టు. మనుషులకు వేసే రంగే వేస్తే జనంలో కలిసిపోతాడు. అది నకాషీ ఆయనా, పటం చెప్పే ఆయనా కూర్చుని తేల్చుకుంటారు. బట్టకు, రంగులకు, వాళ్ల నెలల కూలికి అడ్వాన్సు మాత్రం మనం ఇవ్వాలి.